గుండె కండరానికి రక్తం అందుతున్నదా?
థాలియం స్కాన్ గురించి మన కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

మన పల్లెలలో ఛాతీ నొప్పికి మొదట పెట్టే పేరు "గ్యాస్". పొలం గట్టున నడుస్తుండగా గుండెల మీద బరువు పెట్టినట్లు అనిపించినా, నీళ్ల బిందెతో మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చినా, కాస్త వాము నమిలి, సోడా తాగి, అరుగు మీద కూర్చుంటాం. కూర్చోగానే నొప్పి తగ్గుతుంది. తగ్గింది గనుక అది గ్యాసేనని తీర్మానించుకుంటాం. నిజానికి నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి గుండె జబ్బుకు ముఖ్యమైన గుర్తు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో కుటుంబాలు విలువైన కాలాన్ని పోగొట్టుకుంటున్నాయి.

తీరా పట్టణానికి వెళ్లి గుండె డాక్టరుకు చూపించుకుంటే, ఇ.సి.జి., ఎకో పరీక్షలు అయ్యాక ఆయన కొందరికి ఇంకొక పరీక్ష రాస్తారు. చీటీ మీద "స్ట్రెస్ థాలియం" అనో, "న్యూక్లియర్ స్కాన్" అనో, "ఎం.పి.ఐ." అనో ఉంటుంది. అక్కడినుండి ఇంటిల్లిపాదికీ కలవరం మొదలవుతుంది. న్యూక్లియర్ అంటే అణుబాంబు లాంటిదేనా? ఆ మందు నరంలోకి ఎక్కిస్తే మనిషికి ఏమైనా అవుతుందా? ఇంత డబ్బు పెట్టి ఇది చేయించుకునే బదులు నేరుగా యాంజియోగ్రామ్ చేయించుకోకూడదా?

ఇవి అడగదగిన ప్రశ్నలే. ఈ పరీక్ష ఏమి చూపిస్తుందో, ఏమి చూపించలేదో తెలిసిన కుటుంబం అనవసరంగా భయపడి వెనక్కి తగ్గదు. ఎవరో చెప్పారని అవసరం లేని పరీక్షకు, అవసరం లేని ఆపరేషనుకు పొలం తాకట్టు పెట్టదు. అందుకే ఈ వ్యాసం.

గుండెకు కూడా రక్తం కావాలి

మన గుండె ఇంచుమించు మన పిడికిలి అంత ఉంటుంది. రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒళ్లంతటికీ రక్తాన్ని పంపించే ఈ కండరం కూడా రక్తం మీదే బ్రతకాలి. గుండె గదుల నిండా రక్తం ఉన్నా, కండరం దానిని నేరుగా పీల్చుకోలేదు. గుండె పైభాగాన అల్లుకుని ఉండే సన్నని రక్తనాళాల ద్వారానే దానికి పోషణ అందుతుంది. వీటిని కరొనరీ నాళాలు అంటారు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి బయలుదేరుతాయి. ఎడమది మళ్లీ రెండు పెద్ద కొమ్మలుగా చీలుతుంది. "మూడు నాళాలలో బ్లాకులున్నాయి" అని డాక్టర్లు అనేది ఈ మూడింటి గురించే.

చుట్ట, బీడీ, సిగరెట్టు, అదుపులో లేని షుగరు, బి.పి., రక్తంలో ఎక్కువైన కొవ్వు, ఇవన్నీ కలిసి ఏళ్ల తరబడి ఈ నాళాల లోపలి గోడను పాడుచేస్తాయి. గోడలో కొవ్వు పేరుకుని దారి ఇరుకవుతుంది. అయితే నాళం సగం పూడినా కూడా కూర్చుని ఉన్న మనిషికి ఏ ఇబ్బందీ తెలియకపోవచ్చు. ఎందుచేత?

డెల్టా రైతుకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. పంట కాలువలో పూడిక పడింది, గుర్రపుడెక్క పట్టింది అనుకోండి. నీటి అవసరం తక్కువగా ఉన్న రోజుల్లో శివారు భూములకు కూడా ఎలాగో నీళ్లు చేరుతూనే ఉంటాయి. కాలువ బాగానే ఉంది కదా అనుకుంటాం. నాట్ల సమయం వచ్చి, అందరూ ఒక్కసారిగా తూములు తెరిచినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. పై పొలాలు తడుస్తాయి, శివారు ఎండుతుంది.

గుండెలోనూ ఇదే జరుగుతుంది. మనిషి వేగంగా నడిచినా, బరువు ఎత్తినా గుండె కండరానికి మామూలు కంటే మూడు నాలుగు రెట్లు రక్తం కావలసి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నాళాలు వెడల్పై అంత రక్తాన్నీ అందిస్తాయి. పూడిన నాళం అందించలేదు. ఆ నాళం మీద ఆధారపడిన కండరం ఆకలితో అలమటిస్తుంది. అదే ఛాతీలో బరువుగా, దవడ నొప్పిగా, ఎడమ చెయ్యి లాగినట్లుగా, ఆయాసంగా మనకు తెలుస్తుంది. ఆడవారిలోనూ, షుగరు ఉన్నవారిలోనూ, ముసలివారిలోనూ అసలు నొప్పే లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, పైకడుపులో మంట మాత్రమే కనిపించవచ్చు. వారిని "గ్యాస్" అనే మాట మరింత మోసం చేస్తుంది.

ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క సంగతి చెబుతుంది

ఇ.సి.జి. గుండెలో సాగే కరెంటును కాగితం మీద గీస్తుంది. గుండెపోటు వచ్చిందేమో తెలుసుకోవడానికి ఇది మొట్టమొదటి పరీక్ష. కాని విశ్రాంతిగా పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి. బాగానే ఉన్నంత మాత్రాన నాళాలలో పూడిక లేదని అర్థం కాదు.

ఎకో పరీక్ష శబ్ద తరంగాలతో గుండె గదులను, కవాటాలను, గుండె ముడుచుకునే బలాన్ని చూపిస్తుంది.

ట్రెడ్‌మిల్ పరీక్షలో మనిషిని కదిలే పట్టీ మీద నడిపిస్తూ ఇ.సి.జి. తీస్తారు. తక్కువ ఖర్చుతో అయ్యే మంచి పరీక్షే. అయితే మోకాళ్ల నొప్పులున్నవారు నడవలేరు. కొందరి ఇ.సి.జి.లో ముందే మార్పులుంటే ఫలితం తేల్చడం కుదరదు. ఆడవారిలో తప్పు ఫలితం రావడం కూడా ఎక్కువే.

యాంజియోగ్రామ్‌లో చేతి నుండి గాని తొడ నుండి గాని సన్నని గొట్టాన్ని పంపి, రంగు మందు ఎక్కించి, ఎక్స్‌రేలతో నాళాలను చూస్తారు. కాలువ ఎక్కడ, ఎంత పూడిందో ఇది చూపిస్తుంది.

న్యూక్లియర్ స్కాన్ కాలువను చూడదు, పొలాన్ని చూస్తుంది. ఏ భాగానికి రక్తం అందుతున్నదో, ఏ భాగం ఎండుతున్నదో, ఏ భాగం పూర్తిగా చచ్చిపోయిందో చెబుతుంది. యాంజియోగ్రామ్‌లో 60 శాతం పూడినట్లు కనిపించిన నాళం వలన కండరానికి నిజంగా లోటు కలుగుతున్నదా, లేదా? ఈ ప్రశ్నకు జవాబు పొలం చూస్తేనే దొరుకుతుంది. ఈ పరీక్ష విలువ అంతా ఇక్కడే ఉన్నది.

ఈ పరీక్ష ఎలా వచ్చింది?

1920లలో అమెరికాలోని బోస్టన్ నగరంలో హెర్మన్ బ్లమ్‌గార్ట్ అనే వైద్యుడు రేడియో ధార్మిక పదార్థాన్ని అతి కొద్దిగా ఒక చేతి నరంలోకి ఎక్కించి, అది గుండె గుండా ప్రయాణించి రెండవ చేతికి ఎంతసేపట్లో చేరుతుందో కొలిచాడు. రక్త ప్రసరణను ఈ పద్ధతిలో కొలవడం అదే మొదలు.

1937లో ఇటలీ దేశపు పలెర్మో నగరంలో ఎమీలియో సెగ్రే, కార్లో పెరియర్ అనే శాస్త్రజ్ఞులు టెక్నీషియం అనే కొత్త మూలకాన్ని కనుగొన్నారు. మనిషి కృత్రిమంగా తయారుచేసిన మొదటి మూలకం ఇదే. ఇప్పుడు ప్రపంచమంతటా న్యూక్లియర్ స్కాన్లలో ఎక్కువగా వాడేది దీనిలోని ఒక రకాన్నే. ఒంట్లోంచి వచ్చే కిరణాలను అందుకుని చిత్రంగా మార్చే గామా కెమెరాను 1950లలో కాలిఫోర్నియాలో హాల్ ఆంగర్ తయారుచేశాడు. 1970లలో థాలియం-201 అనే పదార్థం గుండె పరీక్షకు వాడుకలోకి వచ్చింది. 1990ల నుండి టెక్నీషియం కలిపిన మందులు దాని స్థానాన్ని చాలావరకు తీసుకున్నాయి. అయినా జనం నోట "థాలియం" అనే పాత పేరే నిలిచిపోయింది. మీకు రాసిన చీటీలో థాలియం అని ఉన్నా, ఎక్కించేది టెక్నీషియం మందే కావచ్చు.

మన పాడి రైతులకు నచ్చే సంగతి ఒకటి చెప్పాలి. టెక్నీషియం శక్తి ప్రతి 6 గంటలకు సగానికి పడిపోతుంది. కాబట్టి దానిని సీసాలో నిలువ చేసి ఊరూరా పంపడం కుదరదు. అందుకని దానిని పుట్టించే మాలిబ్డినం అనే మాతృ పదార్థాన్ని సీసపు కవచమున్న పెట్టెలో పెట్టి ఆసుపత్రులకు పంపుతారు. దాని శక్తి సగం కావడానికి 66 గంటలు పడుతుంది. ఆ పెట్టెలోంచి సాంకేతిక సిబ్బంది రోజూ ఉదయం ఉప్పు నీటితో టెక్నీషియంను బయటికి తీస్తారు. ఆ పెట్టెను వారు "ఆవు" అని, ఆ పనిని "పాలు పితకడం" అని సరదాగా పిలుస్తారు. ఆ ఆవు దాదాపు వారం రోజులు పాలిస్తుంది. మన దేశంలో ఇటువంటి పదార్థాలను సరఫరా చేసే పని 1989లో ఏర్పడిన బ్రిట్ సంస్థ చూస్తున్నది. ఇది అణుశక్తి శాఖకు చెందినది. ఆసుపత్రులలో వీటి వాడకానికి అనుమతులిచ్చి తనిఖీ చేసేది 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి.

ఈ కారణం చేతనే స్కాన్‌కు ముందుగా తేదీ, సమయం ఇస్తారు. చెప్పిన వేళకు వెళ్లకపోతే మీ కోసం సిద్ధం చేసిన మందు వృథా అవుతుంది. ఊరి నుండి బస్సులో వచ్చేవారు ముందురోజు సాయంత్రానికే పట్టణం చేరుకోవడం మంచిది. హైదరాబాదులోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్, మనవారు తరచు వెళ్లే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి వంటి చోట్ల న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి.

పరీక్ష రోజున ఏమి జరుగుతుంది?

పరీక్షకు ముందు కనీసం నాలుగు గంటలు ఏమీ తినవద్దంటారు. ముందురోజు నుండి టీ, కాఫీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు మానాలి. వీటిలోని కెఫీన్ అనే పదార్థం పరీక్షలో ఇచ్చే కొన్ని మందులను పనిచేయనివ్వదు. "ఒక్క గుక్క టీ తాగాను, దానికేమవుతుంది" అనుకోకండి. తాగితే తాగామని నిజం చెప్పండి. కొన్ని గుండె మాత్రలు, బి.పి. మాత్రలు ఒకటి రెండు రోజులు ఆపమని చెప్పవచ్చు. ఆపమన్నవే ఆపాలి, సొంతంగా ఏదీ ఆపకూడదు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో ఏమి చేయాలో ముందే అడగాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

మొదట చేతి నరానికి సూది అమర్చుతారు. తరువాత ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. గుండె బాగా వేగం అందుకున్న వేళ మందు ఎక్కించి, ఇంకొక నిమిషం నడవమంటారు. ఆ క్షణంలో గుండె కండరంలో ఏ భాగానికి ఎంత రక్తం వెళ్తున్నదో, ఆ లెక్క ప్రకారమే మందు అక్కడికి చేరి కణాలలో నిలిచిపోతుంది. నాట్ల రోజున తీసిన ఫొటో వంటిది అది. నడవలేనివారికి కాలికి శ్రమ లేకుండా, నాళాలను వెడల్పు చేసే అడినోసిన్ వంటి మందు ఇస్తారు. అప్పుడు కొద్ది నిమిషాలపాటు ముఖం వేడెక్కినట్లు, ఛాతీ పట్టేసినట్లు అనిపించవచ్చు. త్వరలోనే తగ్గిపోతుంది. డాక్టరు పక్కనే ఉంటారు, ఇ.సి.జి. నడుస్తూనే ఉంటుంది.

కొంతసేపటికి కెమెరా బల్ల మీద పడుకోబెడతారు. చేతులు తల పైకి పెట్టి పది, ఇరవై నిమిషాలు కదలకుండా ఉండాలి. కెమెరా మెల్లగా మీ చుట్టూ తిరుగుతుంది. నొప్పి ఉండదు. కదిలితే చిత్రం చెదిరిపోతుంది గనుక దగ్గు ఉన్నవారు ముందే చెప్పాలి. విశ్రాంతిలో ఉన్నప్పుడు ఇంకొకసారి మందు ఎక్కించి మరొక చిత్రం తీస్తారు. ఇది అదే రోజు ముందో వెనకో కావచ్చు, ఇంకొక రోజు కావచ్చు. మొత్తం మీద ఒక పూట నుండి ఒక రోజు పడుతుందనుకుని బయలుదేరండి. తోడు ఒకరు తప్పక ఉండాలి.

రెండు చిత్రాలు, మూడు జవాబులు

శ్రమలో తీసిన చిత్రాన్ని, విశ్రాంతిలో తీసిన చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూస్తారు.

1. రెండింటిలోనూ కండరమంతా సమంగా వెలుగుతూ ఉంటే రక్తం బాగా అందుతున్నట్లు. ఇటువంటి ఫలితం వచ్చినవారిలో ఏడాదికి గుండెపోటు గాని, గుండె జబ్బు వలన మరణం గాని సంభవించేది సాధారణంగా నూటికి ఒకరికంటే తక్కువమందికే.

2. విశ్రాంతిలో వెలుగు ఉండి, శ్రమలో ఒక భాగం మసకబారితే ఆ భాగానికి అవసరమైనప్పుడు రక్తం చాలడం లేదన్నమాట. పైరు వాడింది గాని చావలేదు. నీళ్లు పెడితే తిరిగి లేస్తుంది. ఈ భాగం ఎంత పెద్దదో కూడా స్కాన్ చెబుతుంది.

3. రెండింటిలోనూ ఒకే భాగం చీకటిగా ఉంటే, మునుపెప్పుడో వచ్చిన గుండెపోటు వలన అక్కడ కండరం చచ్చి మచ్చగా మారి ఉండవచ్చు. ఎండి గడ్డి అయిన పైరుకు ఎంత నీరు పెట్టినా లాభం లేదు. అయితే కొన్నిసార్లు ఆ కండరం చావక, నిద్రపోతున్నట్లు ఉంటుంది. ఆ తేడా తెలుసుకోవడానికి మరికొంతసేపు ఆగి చిత్రం తీయడం గాని, చక్కెర వంటి పదార్థంతో పెట్ స్కాన్ చేయడం గాని జరుగుతుంది.

వీటితోపాటు గుండె ప్రతిసారీ ఎంత శాతం రక్తాన్ని బయటికి తోస్తున్నదో కూడా ఈ స్కాన్ లెక్కకట్టి చెబుతుంది.

అణువంటే భయపడవలసినదేనా?

ఈ కెమెరా మీ ఒంట్లోకి కిరణాలు పంపదు. ఎక్కించిన మందు నుండి వచ్చే కిరణాలను అందుకుంటుంది, అంతే. ఆ మందు ఎంతసేపు ఉంటుందో లెక్క చూడండి. నూరు పాళ్లు ఎక్కించారనుకుంటే 6 గంటలకు 50, 12 గంటలకు 25, 18 గంటలకు పన్నెండున్నర, 24 గంటలకు ఆరుంపావు. దీనికి తోడు కొంత మూత్రంలో పోతుంది. కాబట్టి ఒకటి రెండు రోజులలో చెప్పుకోదగినంత మిగలదు.

టెక్నీషియంతో రెండు చిత్రాలూ తీసినప్పుడు మనిషికి అందే రేడియేషన్ సుమారు 10 మిల్లీసీవర్టులు. నేల నుండి, ఆకాశం నుండి, తినే తిండి నుండి ప్రపంచంలో ప్రతి మనిషికి ప్రకృతి సహజంగా ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతూనే ఉంటుంది. అంటే ఇంచుమించు నాలుగేళ్లలో ప్రకృతి ఇచ్చేది ఒక్క రోజున అందుతుంది. ఛాతీ ఎక్స్‌రే కంటే ఇది చాలా ఎక్కువే. దీని వలన ఎన్నో ఏళ్ల తరువాత కాన్సరు రాగల అవకాశం కొద్దిగా పెరుగుతుందని లెక్కవేస్తారు. గుండె జబ్బు నిజంగా అనుమానించవలసిన మనిషికి ఆ కొద్దిపాటి అపాయం కంటే పరీక్ష వలన కలిగే మేలే ఎక్కువ. ఏ బాధా లేని మనిషికి "ఊరికే ఒకసారి చూద్దాం" అని చేయించడం మాత్రం తగదు. గర్భిణులకు ఈ పరీక్ష సాధారణంగా చేయరు. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ముందే చెప్పాలి.

పరీక్ష అయ్యాక నీళ్లు బాగా తాగండి, మూత్రం ఆపుకోకండి. ఆ రోజుకు పసిపిల్లలను ఒడిలో ఎక్కువసేపు పెట్టుకోవద్దని, గర్భిణులకు కాస్త ఎడంగా ఉండమని చెబితే ఆ మాట పాటించండి. అలాగని మనిషిని వేరే గదిలో పెట్టడం, ఆయన తిన్న కంచం విడిగా ఉంచడం అక్కరలేదు. ఇది అంటువ్యాధి కాదు.

ఈ పరీక్షకూ లోపాలున్నాయి

ఎక్కువ మందిలో నిజమే చెప్పినా, కొందరిలో ఈ స్కాన్ పొరబడుతుంది. ఆడవారిలో రొమ్ము, లావుపాటి వారిలో కొవ్వు, కొందరిలో ఊపిరితిత్తుల కింది పొర అడ్డుపడి కిరణాలను ఆపి, లేని లోటును ఉన్నట్లు చూపించవచ్చు. దీనిని సరిదిద్దడానికి కొన్ని కెమెరాలకు చిన్న సి.టి. యంత్రాన్ని జతచేస్తారు. ఇంకొక చిక్కు ఏమిటంటే, స్కాన్ ఒక భాగాన్ని మరొక భాగంతో పోల్చి చూస్తుంది. మూడు నాళాలూ సమానంగా పూడి ఉంటే పొలమంతా ఒకేలా వాడుతుంది. అప్పుడు తేడా తెలియక "బాగానే ఉంది" అనిపించవచ్చు. అందుచేత డాక్టరు స్కాన్ ఒక్కదానినే నమ్మరు. మనిషి బాధను, ఇ.సి.జి.ని, నడిచిన సేపును కలిపి చూస్తారు. స్కాన్ బాగుందన్నా బాధ తగ్గకపోతే మళ్లీ వెళ్లి చెప్పండి.

ఈ స్కాన్ లేని ఊళ్లలో స్ట్రెస్ ఎకో, సి.టి. యాంజియోగ్రామ్ వంటివి కొందరికి సరిపోతాయి. అందరికీ ఇదే కావాలని పట్టుపట్టనక్కరలేదు.

లోటు కనిపిస్తే ఆపరేషనేనా?

ఇది కుటుంబాలను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసే ప్రశ్న. దీనికి 2019లో ఒక పెద్ద పరిశోధన మంచి జవాబు ఇచ్చింది. ఇస్కీమియా అనే పేరుగల ఆ పరిశోధనలో మన దేశంతో సహా 37 దేశాలకు చెందిన 5,179 మంది పాల్గొన్నారు. అందరికీ ఇటువంటి పరీక్షలలో మధ్యరకం గాని తీవ్రమైన గాని రక్తలోటు కనిపించినదే. కొందరికి మందులతోపాటు వెంటనే యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంటు గాని బైపాస్ గాని చేశారు. మిగిలినవారికి ముందు మందులతోనే వైద్యం చేసి, అవి చాలనప్పుడు మాత్రమే ఆ దారి పట్టారు. మూడేళ్లకు పైగా చూస్తే, మరణాలలో గాని గుండెపోట్లలో గాని మొత్తం మీద రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. అయితే తరచు ఛాతీ నొప్పితో బాధపడేవారికి స్టెంటు, బైపాస్ వలన ఉపశమనం ఎక్కువగా కలిగింది.

ఒక జాగ్రత్త. అప్పుడే గుండెపోటు వచ్చినవారిని, గుండె బాగా బలహీనపడినవారిని, ఎడమ నాళం మొదట్లోనే పెద్ద పూడిక ఉన్నవారిని ఆ పరిశోధనలో చేర్చలేదు. వారి సంగతి వేరు. మిగిలినవారికి మాత్రం "వెంటనే చేయించకపోతే మనిషి దక్కడు" అనే మాటకు బెదిరి, ఆ రాత్రికే వడ్డీకి డబ్బు తేవలసిన పని సాధారణంగా ఉండదు. మందులు సక్రమంగా మింగడం, పొగాకు పూర్తిగా మానడం, షుగరు, బి.పి. అదుపులో పెట్టడం, ఇవే వైద్యానికి పునాది. స్టెంటు వేసినా ఇవి తప్పవు. నొప్పి తగ్గిందని మాత్రలు మానేసేవారే మన పల్లెలలో ఎక్కువ. అది చాలా ప్రమాదం.

స్కాన్ కోసం ఆగకూడని వేళ

కూర్చున్నా తగ్గని ఛాతీ నొప్పి, చల్లని చెమటలు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం, వీటితో మనిషి విలవిలలాడుతుంటే అది గుండెపోటు కావచ్చు. అప్పుడు స్కాన్ గురించి ఆలోచించకూడదు. 108కి ఫోను చేయండి. మనిషిని నడిపించకండి. ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావపు జబ్బులున్నవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర నమిలి మింగించండి. ఇ.సి.జి. తీయగల దగ్గరి ఆసుపత్రికి చేర్చండి. గడ్డను కరిగించే సూది గాని, నాళాన్ని తెరిచే వైద్యం గాని మొదటి గంటలలో ఎంత త్వరగా అందితే అంత కండరం మిగులుతుంది. తెల్లవారాక చూద్దాంలే అనుకున్న రాత్రులు ఎన్నో ఇళ్లకు తీరని దుఃఖం మిగిల్చాయి.

డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు

పరీక్ష రాసినప్పుడు మొహమాటపడకుండా, వినయంగా ఇవి అడగండి.

- ఈ పరీక్ష ఫలితాన్ని బట్టి నా వైద్యంలో ఏమి మారుతుంది?
- ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇదే సంగతి తెలిసే పరీక్ష నాకు సరిపోతుందా?
- నేను వాడే మాత్రలలో ఏవి ఆపాలి, ఎన్ని రోజులు?
- లోటు ఉందని తేలితే, ముందు మందులతో ప్రయత్నించవచ్చా?

ఖర్చు ఒక్కొక్క ఆసుపత్రిలో ఒక్కొక్క రకంగా ఉంటుంది. రెండు మూడు చోట్ల కనుక్కోండి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్నవారు, ఈ పరీక్ష పథకంలోకి వస్తుందో రాదో ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే ఉద్యోగిని ముందే అడగాలి. డబ్బు కట్టేశాక అడిగితే లాభం ఉండదు.

పాత ఇ.సి.జి.లు, ఎకో కాగితాలు, స్కాన్ చిత్రాలు, మాత్రల చీటీలు అన్నీ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసేలా ఉంచండి. రెండేళ్ల కిందటి చిత్రం పక్కన కొత్త చిత్రం పెట్టి చూడగలిగితే డాక్టరుకు సగం సంగతి అక్కడే అర్థమవుతుంది.

మన ఇళ్లలో పెద్దవాళ్లు తమ బాధ చెప్పుకోరు. పిల్లలకు ఖర్చు అవుతుందని నాన్న చెప్పడు. ఇంటి పని ఆగిపోతుందని అమ్మ అసలే చెప్పదు. నిరుడు గుడికి ఏకబిగిన నడిచి వచ్చిన మనిషి ఈ ఏడు దారిలో రెండుసార్లు ఆగుతున్నారా? మెట్టు ఎక్కితే ఛాతీ పట్టుకుంటున్నారా? ఇది గమనించవలసినవారు ఇంట్లో ఉన్నవారే. గమనించినవారే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. పైరు వాడినప్పుడే నీరు పెట్టాలి గాని, ఎండిన తరువాత కాదు కదా.